సబ్సిడీ వచ్చింది, చేతికి రాలేదు: కొబ్బరి పొట్టు యూనిట్ పెట్టుకున్న నా అనుభవం

కొబ్బరి పొట్టును కడిగి, ఆరబెట్టి, దిమ్మెలుగా నొక్కే చిన్న యూనిట్ కోసం నేను పీఎంఈజీపీ (బ్యాంకు అప్పు మీద కేంద్రం సబ్సిడీ ఇచ్చే ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం) పథకం కింద 2023 నవంబరు చివరి వారంలో దరఖాస్తు చేశాను. ఆ పథకం ప్రకారం నాకు రావలసిన 8,40,000 రూపాయల సబ్సిడీ 2025 మార్చిలో నా పేర జమ అయింది. అయినా అందులో ఒక్క రూపాయిని కూడా 2028 మార్చి దాకా నేను ముట్టుకోవడానికి లేదు. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, ఈ డబ్బు ఎలా వచ్చిందని అడుగుతున్నారు. నోటిమాటగా చెప్పేటప్పుడు ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోతున్నాను గనుక జరిగింది జరిగినట్టు వరసగా రాసి పెడుతున్నాను.

మాది అంబాజీపేటకు దగ్గరలోని పల్లె. ఒలుపు అయ్యాక కొబ్బరి డొక్క పీచు మిల్లుకు పోతుంది. పీచు తీశాక మిగిలే పొట్టు, తూకానికి చూస్తే, పీచుకు దాదాపు రెట్టింపు ఉంటుంది. ఆ పొట్టును రోడ్ల పక్కన, బోదెల గట్ల మీద గుట్టలుగా పోస్తారు. వానాకాలంలో వాటి నుంచి కషాయం రంగు నీళ్లు దిగి పంట బోదెల్లో కలుస్తాయి. ఎండాకాలంలో ఎవరో పారేసిన బీడీ ముక్క చాలు, మంట కనపడకుండానే లోలోపల రోజుల తరబడి రాజుకుంటూ ఊరంతా పొగ పెడుతుంది. ఇదే పొట్టును మరొకచోట కడిగి, దిమ్మెలుగా కట్టి, మట్టికి బదులు మొక్కలు పెంచడానికి కోకోపిట్ పేరుతో అమ్ముతారు. కడియపులంక నర్సరీల్లో తమిళనాడు లారీలు ఆ దిమ్మెలను దించుతుంటే చూసి మా బావగారు (మా వారి అన్నగారు) ఇంటికొచ్చి చెప్పారు. ఆయన కొబ్బరి వ్యాపారి కావడంతో ముడిసరుకుకు లోటు లేదన్న ధైర్యం మాకు ఉంది. లేనిది పెట్టుబడి.

మా ఎరుకలో ఒక పీచు మిల్లు యజమాని పదేళ్ల కిందట కాయర్ ఉద్యమి యోజన కింద 40 శాతం సబ్సిడీ పొందారు. అదే పథకం అడుగుదామని రాజమండ్రిలోని కాయర్ బోర్డు కార్యాలయానికి వెళితే, అది ఇప్పుడు లేదనీ, కొబ్బరి పీచు పరిశ్రమలు కూడా పీఎంఈజీపీలోనే దరఖాస్తు చేసుకోవాలనీ చెప్పారు. ఆ లెక్క ఇలా ఉంటుంది. పల్లెల్లో యూనిట్ పెట్టే సాధారణ వర్గం వారికి ప్రాజెక్టు వ్యయంలో 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ మొదలైన ప్రత్యేక వర్గాల వారికి 35 శాతం సబ్సిడీ. సొంత వాటా మొదటి వారికి 10 శాతం, రెండో వారికి 5 శాతం. తయారీ యూనిట్ అయితే 50 లక్షల దాకా పెట్టుకోవచ్చు. మా వారి పేర అయినా మేము బీసీలం కాబట్టి 35 శాతమే వచ్చేది. కానీ ఆయన పాత పంట రుణం ఒకటి బకాయి పడి సిబిల్ స్కోరు దెబ్బతిని ఉన్నందువల్ల నా పేరే మిగిలింది. ఈ కారణాన్ని నేనెవరి దగ్గరా దాచలేదు. "ఆడవాళ్ల పేరు పెట్టి మగవాళ్లు నడిపిస్తారు" అన్న అనుమానం బ్యాంకులో ప్రతి ఒక్కరి మొహంలోనూ కనపడింది కనుక ముందే చెప్పడం మంచిదైంది.

అక్టోబరు, నవంబరు నెలలు కాగితాలతోనే గడిచాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా నమోదు, ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని అరగంటలో చేసుకోవచ్చు. దానికి కూడా వెయ్యి, పదిహేను వందలు తీసుకునేవాళ్లు ఉన్నారు. మా ఊరు పల్లె కిందికే వస్తుందని పంచాయతీ నుంచి తీసుకున్న ధ్రువపత్రం రెండు రోజుల్లో వచ్చింది. కుల ధ్రువపత్రం దగ్గరే చిక్కొచ్చింది. ఆధార్‌లో నా ఇంటిపేరు అత్తవారిది, పాత ధ్రువపత్రంలోనూ పదో తరగతి మార్కుల జాబితాలోనూ పుట్టింటిది. సచివాలయం చుట్టూ, మీసేవ చుట్టూ తిరిగి మూడు వారాలు పోగొట్టుకున్నాక, ఈ పథకాన్ని నడిపే ఖాదీ విభాగంలో ఫోన్ ఎత్తిన ఒకావిడ, "మీరు మహిళ కోటాలో వేసుకోండమ్మా, అప్పుడు కుల పత్రంతో పనే లేదు, శాతం ఒకటే" అన్నారు. ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు బీసీ అని నొక్కిన గడిని మార్చేసరికి ఆ గొడవ తీరిపోయింది. పెళ్లయిన మన తెలుగు ఆడవాళ్లలో సగం మందికి ఈ రెండు ఇంటిపేర్ల తంటా ఉంటుంది కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

స్థలం మా అత్తయ్య పేరున ఉన్న 35 సెంట్లు. ఈ పథకంలో భూమి ఖరీదును ప్రాజెక్టు వ్యయంలో కలపరు. అయితే ఆ స్థలం మీద నాకు హక్కు ఉన్నట్టు రిజిస్టరైన లీజు పత్రం మాత్రం కావాలి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అత్తయ్య వేలు యంత్రం మీద పెడితే గుర్తు పడలేదు. కుడిచేయి, ఎడమచేయి, పది వేళ్లూ పెట్టించారు. నలభై ఏళ్లు ఈనెలు చీరి, డొక్కలు ఒలిచిన చేతులు అవి, గీతలన్నీ అరిగిపోయాయి. చివరికి గుమాస్తా కంటి గుర్తు తీసే పరికరం తెప్పించాడు. అత్తయ్య కళ్లు పెద్దవి చేసుకుని దాంట్లోకి చూస్తూ, "అప్పు నీ పేర, స్థలం నా పేర, మరి మగాళ్ల పేర ఏముందే?" అని గట్టిగానే అడిగింది. గదిలో ఉన్న వాళ్లందరూ నవ్వారు గానీ ఆమె నవ్వలేదు. ఇంటికి వచ్చే దారిలో, అప్పు తీరకపోతే స్థలం పోతుందా అని మూడుసార్లు అడిగింది. లీజు మాత్రమే ఇచ్చావు, తనఖా పెట్టలేదు అని చెప్పాను. ఆ మాట నిలబడుతుందో లేదో అప్పటికి నాకూ తెలియదు.

ప్రాజెక్టు నివేదిక రాయించడానికి మొదట ఒక మధ్యవర్తి తగిలాడు. సబ్సిడీలో పది శాతం తనకిస్తే అన్నీ తనే చూసుకుంటానన్నాడు. 8,40,000లో పది శాతం అంటే 84 వేలు. ఈ పథకానికి మధ్యవర్తులెవరినీ నియమించలేదని దరఖాస్తు చేసే పోర్టల్‌లోనే రాసి ఉంది. నమూనా ప్రాజెక్టు నివేదికలు కూడా అక్కడే ఉచితంగా దొరుకుతాయి. ఆ నమూనా తీసుకుని, మా లెక్కలు వేసుకుని, అమలాపురంలో ఒక చార్టర్డ్ అకౌంటెంటు చేత సరిచూయించుకుంటే 12 వేలు అయింది. షెడ్డుకు 6,00,000, యంత్రాలకు 13,50,000, నిర్వహణ పెట్టుబడికి 4,50,000, మొత్తం 24,00,000. ఇందులో నా వాటా 1,20,000, మిగిలిన 22,80,000 బ్యాంకు ఇవ్వాలి. సబ్సిడీ ఆ బ్యాంకు అప్పులోంచే తర్వాత తగ్గుతుంది.

నివేదికలో నేను రెండు పేజీలు పొట్టు గుట్టల గురించి, బోదెల్లోకి దిగే నీటి గురించి, పొగ గురించి రాశాను. ఫోటోలు కూడా పెట్టాను. నాకైతే అదే ఈ యూనిట్‌కు ప్రాణం అనిపించింది. అకౌంటెంటు వాటిని పక్కన పెట్టి, "ఎంతమందికి పని ఇస్తారు?" అని అడిగారు. దరఖాస్తులు పరిశీలించి బ్యాంకుకు పంపే ఏజెన్సీ వారు ఫోన్ చేసినప్పుడూ అదే అడిగారు, బ్యాంకులోనూ అదే. పథకం పేరులోనే ఉపాధి కల్పన ఉంది కనుక వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఎన్ని టన్నుల పొట్టు గట్ల మీద నుంచి లేస్తుంది, ఎంత పొగ తగ్గుతుంది అని రాయడానికి దరఖాస్తులో ఒక్క గడి కూడా లేదు. పర్యావరణానికి మేలు చేసే వ్యాపారం అనుకుని పెట్టేవాళ్లు కూడా ఈ తలుపు దగ్గర ఎనిమిది మందికి పని అని చెప్పుకునే లోపలికి వెళ్లాలి. నా రెండు పేజీలు చివరికి రెండు వాక్యాలయ్యాయి.

దరఖాస్తు ఏజెన్సీ పరిశీలన దాటి సంక్రాంతి తర్వాత, 2024 జనవరి చివర్లో, బ్యాంకుకు చేరింది. ఆ సంగతి నా ఫోనుకు సందేశం రావడం వల్ల తెలిసింది గానీ బ్యాంకు నుంచి పిలుపు రాలేదు. నేనే వెళ్లాను. ఏ బ్యాంకో, ఏ శాఖో రాయను. మేనేజరుగారి మొదటి ప్రశ్న, "మీ ఆయన ఏం చేస్తారమ్మా?" రెండోది, "ఆస్తి ఏం పెడతారు?" పది లక్షలు దాటిన అప్పుకు హామీ ఆస్తి లేకపోయినా సీజీటీఎంఎస్ఈ (చిన్న పరిశ్రమల అప్పులకు బ్యాంకుకు పూచీ ఉండే ట్రస్టు) గ్యారంటీ కింద ఇవ్వవచ్చని నేను చదువుకుని వెళ్లాను. ఆ మాట అంటే, "చూద్దాం లెండి, మార్చి దాటనివ్వండి" అన్నారు. మార్చి వస్తే బ్యాంకుల్లో లెక్కలు ముగించే హడావుడి. మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది, కోడ్ అన్నారు. మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. ఆలోపు ఆ మేనేజరుగారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన నా ఫైలు మొదటి పేజీ నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టారు.

ఆ నాలుగైదు నెలలు నేను ఏం చేశానో నాకే సరిగా గుర్తు లేదు. ఏ పనీ మొదలుపెట్టడానికి లేదు, మానుకోవడానికీ లేదు. బంధువుల ఇళ్లలో పెళ్లిళ్లకు వెళితే, "ఏమైంది ఫ్యాక్టరీ?" అని పలకరింపు. కోయంబత్తూరు నుంచి తెప్పించుకున్న యంత్రాల కొటేషన్ గడువు నెల రోజులే. అది ఎప్పుడో తీరిపోయింది. కొత్త కొటేషన్ అడిగితే 70 వేలు పెరిగింది. మంజూరు కాని ప్రాజెక్టు వ్యయాన్ని సవరిస్తే దరఖాస్తు మళ్లీ మొదటికి వెళుతుందని చెప్పడంతో ఆ 70 వేలు నా నెత్తినే వేసుకున్నాను. ఇప్పుడెవరైనా అడిగితే, యంత్రాల ధరలో పది శాతం దాకా పెరుగుదలకు చోటు ఉంచుకుని నివేదిక రాయించుకోమంటున్నాను.

కొత్త మేనేజరుగారు మాత్రం జూన్ చివర్లో స్వయంగా వచ్చారు. స్థలం చూశారు, బావగారి డొక్కల కొట్టు చూశారు, ఆఖరికి దారిలో పొట్టు గుట్ట దగ్గర బండి ఆపించి ఒక పిడికెడు తీసి వాసన చూశారు. "దీన్ని డబ్బిచ్చి కొంటారా?" అన్నారు. కడియం నర్సరీ వారు ఇచ్చిన కొనుగోలు ఉత్తరం చూపించాను. అది ఒప్పందం కాదు, సరుకు బాగుంటే కొంటామన్న మాట మాత్రమే. అయినా నా ఫైలును కదిలించింది ఆ కాగితమేనని నా నమ్మకం. జూలై మూడో వారంలో మంజూరు ఉత్తరం వచ్చింది. హామీ ఆస్తి అడగలేదు, గ్యారంటీ కిందే ఇచ్చారు, దానికి ఏటా కొంత రుసుము నేను కట్టాలి. గోదావరి పోటెత్తి లంక గ్రామాలు నీళ్లలో ఉన్న రోజులవి. మా అక్క వాళ్లు లంకలో ఉంటారు, వాళ్లను మా ఇంటికి తెచ్చుకునే తొందరలో ఆ ఉత్తరాన్ని పూర్తిగా చదివింది నాలుగు రోజుల తర్వాత.

తర్వాత శిక్షణ. ఐదు లక్షలు దాటిన ప్రాజెక్టుకు పది రోజుల శిక్షణ తప్పనిసరి. ఆన్‌లైన్‌లో కూడా చేయవచ్చు గానీ నేను కేంద్రానికే వెళ్లాను. అక్కడ బేకరీ పెట్టేవాళ్లు, అల్యూమినియం కిటికీలు చేసేవాళ్లు, టెంటు హౌసు వాళ్లు ఉన్నారు. ఆత్రేయపురం వైపు నుంచి వచ్చిన పూతరేకుల ఆవిడ ఒకరు ఉన్నారు. తినే పదార్థాల వాళ్లకు పీఎంఎఫ్‌ఎంఈ అని వేరే పథకం ఉందనీ, అందులోనూ 35 శాతమే కానీ పది లక్షలకు మించదనీ ఆవిడకు అక్కడే తెలిసింది. రెండు పథకాల్లో ఒకటే తీసుకోవాలి కనుక ఆవిడ రెండు రోజులు ఆలోచించి అటు వెళ్లిపోయింది. శిక్షణలో చెప్పిన వాటిలో నాకు అక్కరకు వచ్చింది ఒక్కటే, జీఎస్టీ బిల్లు రాయడం.

సెప్టెంబరులో ఒప్పందాల మీద సంతకాలు. నా వాటా 1,20,000 ముందుగా జమ చేశాను. షెడ్డు డబ్బు విడతలుగా వచ్చింది. యంత్రాల డబ్బు నా చేతికి రాదు, అమ్మేవారి ఖాతాకు బ్యాంకే పంపుతుంది. యంత్రం తయారు చేసేవారు సగం ముందుగా ఇస్తేనే పని మొదలుపెడతామంటారు, బ్యాంకు వారు సరుకు పంపుతున్నట్టు బిల్లు చూపిస్తేనే ఇస్తామంటారు. ఈ రెండింటి మధ్య ముడి విప్పడానికి నెల పట్టింది. చివరికి 30 శాతం ముందుగా పంపడానికి బ్యాంకు ఒప్పుకుంది. పొట్టు జల్లెడ యంత్రం, ఐదు కిలోల దిమ్మెలు నొక్కే ప్రెస్సు డిసెంబరులో దిగాయి.

ప్రాజెక్టు నివేదికలో లేని ఖర్చులన్నీ అప్పుడే బయటపడ్డాయి. త్రీఫేజ్ కరెంటు కోసం ప్రత్యేకంగా ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలన్నారు, అంచనా 2,60,000 రూపాయలు. స్తంభాలు, తీగ అన్నీ నా ఖర్చే. డబ్బు కట్టాక కూడా కనెక్షన్ ఇవ్వడానికి రెండు నెలలు పట్టింది. పొట్టు కడిగే తొట్లు, ఆరబెట్టే సిమెంటు కళ్లం కలిపి 1,80,000. కడిగిన నీరు ఎక్కడికి పోతుందో గీసి చూపించమని అనుమతుల దగ్గర అడిగారు. ఆ ప్రశ్న నాకు సంతోషాన్నే ఇచ్చింది, ఈ ప్రక్రియ మొత్తంలో బోదె గురించి ఎవరైనా అడిగింది అక్కడే. ఆ నీటిని గుంటల్లో తేర్చి, కొబ్బరి తోటకు పారేలా కట్టించాను. లీజు, భూమి మార్పిడి, బీమా, యంత్రాల రవాణా వగైరాలతో కలిపి, సొంత వాటాతో సహా మొత్తం ఏడు లక్షల దాకా నా చేతి నుంచి పెట్టాను. కొంత డ్వాక్రా గ్రూపు నుంచి, మిగిలింది నా నగలు కుదువ పెట్టి తెచ్చింది. 24 లక్షల ప్రాజెక్టుకు లక్షా ఇరవై వేలు చాలు అని పథకం కాగితం చెబుతుంది. ఆ మాట నమ్మి దిగిన వాళ్లు షెడ్డు గోడల దగ్గర ఆగిపోవడం నేను చూశాను.

2025 ఫిబ్రవరిలో మొదటి దిమ్మె తీశాం. దాన్ని కడియం తీసుకెళితే నర్సరీ పెద్దాయన పక్కకు నెట్టి, ఒక మూల విరిచి, గ్లాసులో శుద్ధి చేసిన నీళ్లు పోసి నానబెట్టారు. నీటిలో ఉప్పు ఎంతుందో చూపే పెన్నులాంటి మీటరు అందులో ముంచారు. అది 2.4 చూపించింది. "ఉప్పమ్మా ఇది. మొక్క వేరు మాడిపోతుంది. 0.5 లోపల తీసుకురండి" అన్నారు. సముద్రం దగ్గరి తోటల డొక్కలో ఉప్పు ఎక్కువ. మా బోరు నీళ్లు కూడా కొంచెం ఉప్పుగానే ఉంటాయి, వాటితో ఎంత కడిగినా 1.1 కంటే దిగలేదు. కాలువ నీళ్లతో మూడు కడుగులు కడిగితే 0.45కు వచ్చింది. కానీ దాళ్వా (రెండో పంట వరి) అయ్యాక ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లోగానీ నీళ్లు వదలరు. ఎండ బాగా ఉండి పొట్టు ఇట్టే ఆరే నెలల్లోనే కడగడానికి మంచినీళ్లు ఉండవు. ఈ సంగతి ఏ నమూనా నివేదికలోనూ లేదు, ఉండదు కూడా, ఎందుకంటే అవి గోదావరి కాలువలు ఎరిగినవాళ్లు రాసినవి కావు.

సబ్సిడీ సంగతికి వస్తాను. మొదటి విడత అప్పు విడుదలయ్యాక బ్యాంకే దాన్ని కోరుతూ క్లెయిము పంపాలి. అది పంపడానికి ఒక నెల, ఏదో పత్రం స్పష్టంగా లేదని తిరిగి వచ్చి మళ్లీ వెళ్లడానికి ఇంకో నెల, నిధులు లేవన్న కారణంతో మరికొంత కాలం. మొత్తానికి మార్చిలో 8,40,000 వచ్చింది. ఫోనులో సందేశం చూసి ఇంట్లో పాయసం వండాం. మర్నాడు బ్యాంకుకు వెళితే, ఆ సొమ్ము నా పేరున మూడేళ్ల డిపాజిట్‌గా ఉంటుందనీ, దాని మీద వడ్డీ రాదనీ, యూనిట్ సక్రమంగా నడిచి తనిఖీ పూర్తయితే మూడేళ్ల తర్వాత అప్పు ఖాతాలో జమ చేస్తారనీ వివరించారు. ఇదంతా నేను ముందే చదివాను. అయినా ఆ పచ్చ రంగు రసీదు చేతిలో పెట్టినప్పుడు, సరిగ్గా అదే నెలలో 31 వేల పైచిలుకు మొదటి కిస్తీ కట్టవలసి ఉన్నప్పుడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటి విడత నుంచి ఆరు నెలలే మారటోరియం (కిస్తీలు కట్టనక్కరలేని గడువు) ఇచ్చారు. అందులో ఐదు నెలలు షెడ్డుకు, యంత్రాలకు, కరెంటుకే పోయాయి. ఒప్పందం రాసేటప్పుడే ఏడాది మారటోరియం కావాలని గట్టిగా అడగమని మా గ్రూపు వాళ్లందరికీ చెబుతున్నాను.

డిపాజిట్‌పై వడ్డీ రాదు సరే, దానికి బదులు అంత మేర అప్పు మీద కూడా బ్యాంకు వడ్డీ వేయకూడదు. మాకు 11 శాతం వడ్డీ. జూలైలో స్టేట్‌మెంట్ తీసి తమ్ముడి చేత లెక్క వేయిస్తే మొత్తం అప్పు మీదా వడ్డీ వేస్తున్నారని తేలింది. నెలకు దాదాపు 7,700 చొప్పున నాలుగు నెలల్లో ముప్పై వేలు పైగా ఎక్కువ పోయింది. నోటితో అడిగినప్పుడు, "సిస్టమ్ అలాగే తీసుకుంటుందమ్మా" అన్నారు. పథకం మార్గదర్శకాల్లో ఆ పేరా ఉన్న పేజీని జతచేసి, ఉత్తరం రాసి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. మూడు వారాల్లో డబ్బు వెనక్కి వేశారు. ఎవరి మీదా అరవలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజమైన తృప్తినిచ్చింది ఆ ముప్పై వేలే.

ఇంకో నిబంధన ఉంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. నిర్వహణ పెట్టుబడి కింద ఇచ్చిన క్యాష్ క్రెడిట్‌ను (పరిమితి లోపల అవసరమైనప్పుడల్లా తీసుకుని తిరిగి కట్టే అప్పును) ఈ మూడేళ్లలో ఒక్కసారైనా పూర్తి పరిమితి వరకు వాడి ఉండాలి, మొత్తం వాడకం 75 శాతానికి తగ్గకూడదు. తగ్గితే ఆ మేరకు సబ్సిడీ వెనక్కి పోతుంది. అప్పు తక్కువ వాడితే మంచిపేరు వస్తుందనుకుని మా అత్తయ్య రోజూ పొదుపు పాఠం చెప్పేది. 2025లో కొబ్బరికాయ ధర ఎన్నడూ లేనంతగా పెరిగి, దానితో పాటే డొక్క ధరా పెరగడంతో ఆ నిబంధన దానంతట అదే నెరవేరింది. సెప్టెంబరులో డొక్కలు కొనడానికి 4,50,000 మొత్తం లాగవలసి వచ్చింది. ఆ రోజు స్టేట్‌మెంట్ నకలు తీసి ఫైలులో పెట్టుకున్నాను.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు షెడ్డు రేకులు నాలుగు లేచిపోయాయి. ఆరబెట్టిన పొట్టు తడిసి ముద్దయింది. కరెంటు రావడానికి రోజులు పట్టింది. యంత్రాలకు, షెడ్డుకు బీమా ఉంది. సరుకుకు కూడా ఉండేలా చూసుకోమని జల్లెడ యంత్రం బిగించడానికి వచ్చిన తమిళ మేస్త్రీ ఫిబ్రవరిలోనే చెప్పి ఉండటంతో ఆ పాలసీలో సరుకును కూడా చేర్పించాను. సర్వేయరు వచ్చి వెళ్లారు, రేకులకు వచ్చింది, సరుకుకు ఇంకా రాలేదు.

నవంబరు మూడో వారంలో తనిఖీ వాళ్లు వచ్చారు. ఇద్దరు కుర్రాళ్లు, ఒక ట్యాబ్. పథకం పేరు రాసిన బోర్డు గేటు దగ్గర ఉందో లేదో ముందు చూశారు, దాని ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీశారు. యంత్రాల మీది నంబర్లను బిల్లులతో పోల్చారు. పనివాళ్ల పేర్లు రాసుకున్నారు. ఆ రోజు ఎనిమిది మందిలో ఇద్దరు రాలేదు, ఒకరి ఇంట్లో కార్తీక మాసం నోము, మరొకరికి జ్వరం. హాజరు పుస్తకం చూపించాక సరేనన్నారు. తొట్ల వైపు వాళ్లు కన్నెత్తి చూడలేదు. వెళ్లేటప్పుడు పెద్ద కుర్రాడు, "మేడమ్, ఈ యూనిట్ బాగా నడిస్తే రెండో అప్పు కూడా ఉంది, కోటి దాకా, 15 శాతం సబ్సిడీ" అన్నాడు. తనిఖీ సంతృప్తికరమన్న సమాచారం డిసెంబరులో బ్యాంకుకు వచ్చింది.

కోటి మాట విని బావగారు ఉత్సాహపడ్డారు. ముందు ఈ అప్పు సంగతి తేలనివ్వండి అన్నాను. అంతకంటే ముందు, ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే లోపల నీళ్లు నిలవ చేసుకోవడానికి ఇంకో పెద్ద తొట్టి కట్టాలి. దానికి మేస్త్రీ లక్షా పదివేలు అడుగుతున్నాడు, తొంభైకి ఒప్పించే ప్రయత్నంలో ఉన్నాం.